1977లో 41, 2024లో సున్నా: కాంగ్రెస్ దక్షిణాది పార్టీయేనా? (టీ పందెం ఉంది, తేల్చండి)

కోనేరు_కట్ట (తిరుపతి), రాత్రి 10:40

అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ తీర్చాలి. మా వీధి టీ అంగడికి మా నాయన స్నేహితుడు ఒకాయన వస్తాడు, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు, ఎలక్షన్ మాట ఎత్తితే ఇక ఆయన్ని ఆపలేం. మొన్న అన్నాడు, "కాంగ్రెస్ ఎప్పుడూ దక్షిణాది పార్టీనే రా. ఉత్తరాదోళ్లు ముంచినప్పుడల్లా మనమే తేల్చినాం. 77లో ఇందిరమ్మకి 42కి 42 ఇచ్చినాం." నేను ఊరుకోకుండా "మరి 2024లో మన రాష్ట్రంలో 25కి సున్నా కదా పెద్దాయనా, మనం దక్షిణాది కాదా?" అన్నాను. మాటా మాటా పెరిగి నెల రోజుల టీ పందెం దాకా పోయింది. పందెం ఏంటంటే, కాంగ్రెస్ దక్షిణాది పార్టీ అవునా కాదా.

రాత్రి కూర్చుని లోక్‌సభ లెక్కలు తీశాను. ముందు దేశం మొత్తం సీట్లు, తర్వాత మనవి. 2009 దాకా తెలంగాణ కలిపి 42.

1977: 154, మనవి 41
1980: 353, మనవి 41
1984: 404, మనవి 6
1989: 197, మనవి 39
1991: 232, మనవి 25
1996: 140, మనవి 22
1998: 141, మనవి 22
1999: 114, మనవి 5
2004: 145, మనవి 29
2009: 206, మనవి 33
2014: 44, మనవి 0
2019: 52, మనవి 0
2024: 99, మనవి 0

ఇది చూస్తే నాకే తల తిరుగుతోంది. పెద్దాయన చెప్పింది నిజమా, నేను చెప్పింది నిజమా? ఇంకో సంగతి, 77లో 42 కాదు 41 అని ఉంది, ఆ ఒక్కటి ఎక్కడ పోయింది?

తోతాపురి (బంగారుపాళ్యం), రాత్రి 10:52

ఆ ఒక్కటి నంద్యాల తమ్ముడూ. నీలం సంజీవరెడ్డి గారు జనతా తరఫున గెలిచారు. ఆ ఏడాదే ముందు స్పీకరు, తర్వాత రాష్ట్రపతి. రాష్ట్రం మొత్తం మీద జనతాకు దక్కింది అదొక్కటే, ఆ ఒక్కాయనే రాష్ట్రపతి భవన్‌కి పోయాడు, చూడు.

మా జేజి చనిపోయేదాకా "ఆవూదూడకే గుద్దినా" అని చెప్పేది. అప్పుడు హస్తం గుర్తు లేదు, ఆవూదూడ. అవతలి వాళ్లు ఆవు అంటే ఇందిరమ్మ, దూడ అంటే ఆమె కొడుకు సంజయ్ అని ఎగతాళి చేసేవాళ్లంట. మా జేజికి అదేం పట్టలేదు, ఇంట్లో రెండు పాడి ఆవులు ఉన్నాయి, గుర్తు బాగుంది, గుద్దేసింది.

లెక్కల_మాస్టారు, రాత్రి 11:15

కోనేరు బాబూ, పట్టిక బాగా చేశావు. ఒక సవరణ. 1984లో అస్సాం, పంజాబ్‌లలో అప్పుడు పోలింగ్ జరగలేదు, తర్వాత జరిగింది. 1991లో కూడా పంజాబ్ ఎన్నిక మరుసటి ఏడాదికి పోయింది. అందుకే ఈ రెండేళ్ల మొత్తాలు పుస్తకానికొకటి కనిపిస్తాయి. కంగారు పడొద్దు.

ఇక 1977. ఆంధ్ర 41, కర్ణాటక 26, తమిళనాడు 14, కేరళ 11. కలిపితే 92. పార్టీ మొత్తం 154. అంటే నూటికి అరవై దక్షిణాదివే. ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లు, బీహార్‌లో 54, రెండు చోట్లా కాంగ్రెస్‌కు సున్నా. రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీయే ఓడిపోయారు. మధ్యప్రదేశ్‌లో ఒకటే, ఛింద్వాడా. రాజస్థాన్‌లో ఒకటే, నాగౌర్. ఆ ఏడాది వరకు మీ పెద్దాయన మాటకు తిరుగు లేదు.

ఎందుకలా అంటే ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, గుడిసెలు కూలగొట్టడాలు, ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఢిల్లీ, యూపీ, బీహార్, హర్యానా వైపు. ఇక్కడ జనానికి ఎమర్జెన్సీ అంటే గుర్తున్నది 20 సూత్రాల కార్యక్రమం, ఇళ్ల స్థలాల పట్టాలు, ఆఫీసులకు టైముకి రావడం. జైళ్లకు పోయినవాళ్లు ఇక్కడా ఉన్నారు, కాదనను. కానీ ఊరూరా భయం లేదు. దానికి తోడు జనతాకు ఇక్కడ గట్టి క్యాడర్ లేదు. ఓటు వేయాలనుకున్నా పక్కన నిలబడేవాడు కనిపించాలి కదా.

స్వర్ణముఖి_ఇసుక (శ్రీకాళహస్తి), రాత్రి 11:31

మాస్టారూ, 77 ఒక్కటి పట్టుకుని ఊగితే ఎట్లా? దాని తర్వాత ఏడేళ్లకే 84 వచ్చింది. ఇందిరా గాంధీ హత్య తర్వాత దేశమంతా సానుభూతి, 404 సీట్లు, యూపీలో 85కి 83. అదే ఎన్నికలో ఆంధ్రాలో 6! టీడీపీ 30 గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షం అయింది. మన తిరుపతిలో చింతా మోహన్ గారు మొదటిసారి గెలిచింది ఆ సైకిల్ మీదే. తర్వాత ఆయన కాంగ్రెస్‌కు పోయి ఇంకో ఐదు సార్లు గెలిచారు, అది వేరే కథ.

మీ 'దక్షిణాది కోట' 84లో ఎక్కడ పోయింది?

నగరి_పిల్ల, రాత్రి 11:38

పట్టిక జాగ్రత్తగా చూడండి, నాకు ఇంకోటి కనిపిస్తోంది. 77లో దేశం కాంగ్రెస్‌ను తోసేస్తే మనం పట్టుకున్నాం. 84లో దేశం నెత్తిన పెట్టుకుంటే మనం దించేశాం. 89లో దేశం 197కి దించితే మనం 39 ఇచ్చాం. మూడు సార్లూ ఎదురీతే! దేశం కుడి అంటే మనం ఎడమ. ఇది పార్టీ మీద ప్రేమ కాదండీ, హైదరాబాద్‌లో ఎవరు కూర్చున్నారో వాళ్ల మీద కోపం. 84లో ఎన్టీ రామారావు గారిని దించి నాదెండ్లను ముఖ్యమంత్రిని చేసిన ఎపిసోడ్ మీద కోపం కాంగ్రెస్‌కు తగిలింది, 89లో అదే రామారావు గారి మీద విసుగు కాంగ్రెస్‌కు కలిసొచ్చింది. లోక్‌సభ ఓటు పేరు చెప్పి వేసింది అంతా రాష్ట్రం ఓటే.

కోనేరు_కట్ట, రాత్రి 11:44

అక్కా, ఇది పెద్దాయనకు చెప్తే టీ గ్లాసు విసిరేస్తాడు.

నగరి_పిల్ల, రాత్రి 11:46

పేపర్ కప్పులో తాగమను.

సత్యవేడు_బార్డర్, మరుసటి రోజు ఉదయం 6:50

రాత్రి డ్యూటీ, ఇప్పుడే చూశా. నేను లెక్కలు చెప్పలేను కానీ మా ఊరి నుంచి కనిపించేది చెప్తా. బండి వేసుకుని తమిళనాడు వైపు పోతే తిరువళ్లూరు పార్లమెంటు వస్తుంది. 2024లో అక్కడ కాంగ్రెస్ 5 లక్షల 70 వేల పైన మెజారిటీతో గెలిచింది. వెనక్కి తిరిగి ఇటు వస్తే తిరుపతి పార్లమెంటు, ఇక్కడ కాంగ్రెస్‌కు డిపాజిట్ రాలేదు. ఆరుసార్లు ఎంపీ అయిన చింతా మోహన్ గారు నిలబడినా రాలేదు. రెండు వైపులా మాటల్లో అరవం, తెలుగు కలిసే ఉంటాయి, పెళ్లి సంబంధాలు ఉన్నాయి, చెరుకు లారీలు అటూ ఇటూ తిరుగుతాయి. నేల మారలేదు, మనుషులు మారలేదు. మరి మారింది ఏంటి? అక్కడ డీఎంకేతో పొత్తు ఉంది, ఇక్కడ ఎవరితోనూ లేదు.

తమిళనాడులో 9 చోట్ల పోటీ చేసి 9 గెలిచారు కదా అని అది కాంగ్రెస్ బలం అనుకుంటే పొరపాటు. 1967లో అక్కడ అధికారం పోయినాక మళ్లీ ఒక్కసారి కూడా సొంతంగా రాలేదు. చెట్టు డీఎంకేది, తీగ కాంగ్రెస్‌ది.

పలమనేరు_పాలు, ఉదయం 8:05

బార్డర్ అన్న మాటకు నాదీ ఒకటి. మాకు ఇటువైపు కోలారు ఆనుకుని ఉంటుంది. అక్కడ కె.హెచ్. మునియప్ప గారు కాంగ్రెస్ మీద 1991 నుంచి 2014 దాకా వరసగా ఏడు సార్లు గెలిచారు. 2014లో దేశమంతా 44కి పడిపోయినప్పుడు కూడా గెలిచారు. 2019లో పోయింది, 2024లో జేడీఎస్ తీసుకుంది. సంతకు పోయి టమాటా దించి వచ్చేంత దూరంలో మూడు పార్లమెంటు సీట్లు, మూడు కథలు. దక్షిణాది అని గంపగుత్తగా ఎట్లా అంటాం?

కుప్పం_కార్నర్, ఉదయం 8:22

నాలుగో కథ మాది :) చిత్తూరు పార్లమెంటు 1996 నుంచి 2014 దాకా సైకిల్‌దే. 2004లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి, 29 సీట్లు, అయినా చిత్తూరు టీడీపీ. 2009లో 33, అయినా చిత్తూరు టీడీపీ. బయటి వాళ్లకు అర్థం కాదు కానీ ఇక్కడ అందరికీ తెలుసు, ఆరు నియోజకవర్గాల్లో కిందా మీదా పడినా కుప్పం పెట్టెలు తెరిస్తే లెక్క తేలిపోతుంది. కౌంటింగ్ రోజు అవతలి పార్టీ వాళ్లు "కుప్పం అయిపోయిందా, ఇంకెన్ని రౌండ్లు?" అని అడుక్కునేవాళ్లు. 2019లో మాత్రం ఆ కుప్పం కూడా పట్టలేకపోయింది, చిత్తూరు వైసీపీకి పోయింది.

కాబట్టి రాష్ట్రం రంగు చూసి జిల్లా రంగు చెప్పకండి.

లెక్కల_మాస్టారు, ఉదయం 9:10

అందరూ మంచి సంగతులు చెప్పారు. ఇప్పుడు పందెం ప్రశ్నకు వస్తాను. రాత్రి నిద్ర పట్టక ఒక పని చేశాను. ఏ ఎన్నికలో కాంగ్రెస్ సీట్లలో సగం కన్నా ఎక్కువ దక్షిణాది నుంచి వచ్చాయో చూశాను.

1977లో 154కి 92. 1989లో ఆంధ్ర 39, కర్ణాటక 27, తమిళనాడు 27, కేరళ 14, మొత్తం 107, పార్టీ 197. 2019లో కేరళ 15, తమిళనాడు 8, తెలంగాణ 3, కర్ణాటక 1, పుదుచ్చేరి 1, మొత్తం 28, పార్టీ 52. మూడూ ఓడిపోయిన ఎన్నికలే. గెలిచిన ఏ ఎన్నికలోనూ ఇలా లేదు. 1980లో యూపీలోనే 51 వచ్చాయి. 2009లో కూడా యూపీ 21, రాజస్థాన్ 20. కాబట్టి వరద వచ్చినప్పుడు మునగకుండా మిగిలే మిట్ట దక్షిణాదిది. అంతవరకే మీ పెద్దాయన కరెక్టు.

అయితే ఇక్కడే ఆగిపోతే నేను మీకు సగమే చూపించినట్టు. 1999లో కూడా ఓడిపోయింది, 114. అప్పుడు కర్ణాటక 18, కేరళ 8, ఆంధ్ర 5, తమిళనాడు 2, అంటే 33, మూడో వంతు కూడా కాదు. 2014లో 44లో కర్ణాటక 9, కేరళ 8, తెలంగాణ 2, మొత్తం 19. మిట్ట కూడా మునిగిన ఏళ్లు ఇవి. ఇంకో సంగతి, ప్రతిసారీ మిట్ట ఒకే చోట లేదు. 77లో ఆంధ్ర, 89లో ఆంధ్ర, కర్ణాటక, 2019కి కేరళ. 2019లో అమేఠీలో ఓడిన రాహుల్ గాంధీ సభలో కూర్చున్నది వయనాడ్ వల్లే.

స్వర్ణముఖి_ఇసుక, ఉదయం 9:34

ఇది ఒప్పుకుంటా. కానీ 99 సీట్ల సంగతి కూడా చెప్పండి మాస్టారూ, 2024లో మహారాష్ట్ర 13, రాజస్థాన్ 8, పంజాబ్ 7, యూపీ 6, హర్యానా 5 వచ్చాయి. దక్షిణాది 41, పుదుచ్చేరి కలిపి. సగం లేదు. మళ్లీ మధ్యప్రదేశ్‌లో 29కి సున్నా, ఢిల్లీ సున్నా, హిమాచల్, ఉత్తరాఖండ్ సున్నా. మాస్టారు 77లో చెప్పిన ఛింద్వాడా కూడా ఈసారి పోయింది. 77లో, 2019లో మధ్యప్రదేశ్ మొత్తం మీద నిలిచిన ఒకే ఒక్క సీటు అది.

మా పార్టీ గురించి కూడా చెప్తా, పక్షపాతం అనుకోవద్దు. యూపీలో 2014లో 71 వచ్చిన బీజేపీకి 2024లో 33. అదే ఏడాది ఒడిశాలో 21కి 20. ఒక చోట కూలితే ఇంకో చోట లేచింది, అయినా మొత్తం 303 నుంచి 240కి దిగింది. ఏ పార్టీకైనా మ్యాప్ స్థిరంగా ఉండదు. 1999లో మన తిరుపతి ఎంపీ బీజేపీ అని ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు.

పీలేరు_బస్సు, ఉదయం 10:20

అందరూ సీట్లు సీట్లు అంటున్నారు, అసలు సంగతి దాటేస్తున్నారు. 2009లో 33 ఇచ్చిన రాష్ట్రం, దేశంలో ఏ రాష్ట్రమూ కాంగ్రెస్‌కు అన్ని ఇవ్వలేదు, ఐదేళ్లలో సున్నా ఎట్లా అయింది? ఓటర్లు చచ్చిపోలేదు కదా. రాజశేఖరరెడ్డి గారు పోయినాక ఆ ఓటు జగన్ వెంట నడిచింది, 2011లో కొత్త పార్టీ, అదే ఏడాది కడప ఉప ఎన్నికలో 5 లక్షల 45 వేల మెజారిటీ. మిగిలిన కాస్తా విభజన తుడిచేసింది. అప్పటి మా పీలేరు ఎమ్మెల్యే ఆఖరి ఉమ్మడి ముఖ్యమంత్రి, కిరణ్ కుమార్ రెడ్డి గారు, ఆయనే కాంగ్రెస్‌లో ఉండలేక సొంత పార్టీ పెట్టారు, మళ్లీ కాంగ్రెస్, తర్వాత బీజేపీ, 2024లో రాజంపేటలో కమలం మీద నిలబడి 76 వేలతో ఓడిపోయారు. అంతటి నాయకుడికే నిలబడే చోటు దొరకలేదు, ఇక కార్యకర్త ఎక్కడుంటాడు?

నా లెక్క ఏంటంటే అంగడి అదే, బోర్డు మార్చారు. సాక్ష్యం కావాలా? 2024లో వైసీపీ గెలిచిన నాలుగు పార్లమెంటు సీట్లు చూడండి. కడప, రాజంపేట, తిరుపతి, అరకు. నాలుగూ 2009లో కాంగ్రెస్‌వే!

లెక్కల_మాస్టారు, ఉదయం 10:41

బోర్డు మాట బాగుంది, కానీ సాక్ష్యం నిలబడదు నాయనా. ఇప్పటి ఆంధ్రలోని 25 సీట్లలో 2009లో కాంగ్రెస్ గెలిచింది 21. చిత్తూరు, హిందూపురం, నరసరావుపేట, మచిలీపట్నం తప్ప మిగతావన్నీ. 25లో 21 ఎర్రగోళీలు ఉన్న సంచిలో నుంచి నాలుగు తీస్తే నాలుగూ ఎర్రవే రావడం వింతేమీ కాదు. నీ మాట నిజం కావచ్చు, దాన్ని రుజువు చేయాలంటే బూత్ లెక్కలు కావాలి, సీట్లు కాదు.

పీలేరు_బస్సు, ఉదయం 10:44

ముప్పై ఏళ్ల కిందట కూడా నా పేపర్లో ఇట్లాగే ఎర్ర ఇంకు పోశారు మాస్టారూ. మీరు మా స్కూల్లో చేశారా ఏంది?

తోతాపురి, ఉదయం 11:02

😂 పీలేరన్నా, బోర్డు మాట నేను నమ్ముతా. తెలంగాణ చూడు, రాష్ట్రం ఇచ్చినందుకు 2014లో అక్కడ వచ్చింది 2 సీట్లు. కానీ కార్యకర్తలు జెండా కింద పెట్టలేదు. 2019లో 3, 2023లో అసెంబ్లీ, 2024లో 8. ఇక్కడ 2019లో నోటాకు వచ్చిన ఓట్లు కూడా కాంగ్రెస్‌కు రాలేదు. ఒకే పార్టీ, ఒకే నిర్ణయం, పక్కపక్కనే రెండు రాష్ట్రాలు. అక్కడ దుకాణం మూసి మళ్లీ తెరిచారు, ఇక్కడ సామానంతా ఎదురింటికి పోయింది.

బూత్_ఏజెంట్_అనుభవం (తిరుపతి), మధ్యాహ్నం 1:15

మాస్టారు బూత్ లెక్కలు అన్నారు కాబట్టి చెప్తున్నా. 2024లో తిరుపతి పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీలు, సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు. ఏడూ టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి గెలిచింది. ఎంపీ మాత్రం వైసీపీ, సుమారు 14 వేల 500 మెజారిటీ. ఇది ఎట్లా జరిగింది అని టీవీల్లో పెద్ద పెద్ద మాటలు చెప్పారు. నేను బూత్‌లో పొద్దున్నుంచి కూర్చున్నా, పార్టీ ఏదో అడగొద్దు. మా తిరుపతి టౌన్‌లో అసెంబ్లీకి జనసేన గాజు గ్లాసు, పార్లమెంటుకి బీజేపీ కమలం. సైకిల్ ఏ మెషిన్‌లోనూ లేదు! ఓటు వేసి బయటికి వచ్చిన ఒక అవ్వ నన్ను తిట్టి పోసింది, "సైకిల్ ఎత్తుకుపోయినారు నాయనా, రెండు పెట్టెల్లో వెతికినా" అని. గ్లాసు దాకా ఎవరో నేర్పించి పంపారు, రెండో పెట్టె దగ్గర ఆమెకు తెలిసింది వైసీపీ ఫ్యాన్ ఒక్కటే.

పొత్తులో సీట్లు పంచుకోవడం తేలిక. అలవాటైన వేలును ఇంకో గుర్తు మీదకు తిప్పడం కష్టం.

సత్యవేడు_బార్డర్, మధ్యాహ్నం 1:40

మా దగ్గర అసెంబ్లీ పెట్టెలో సైకిల్ ఉంది, అందుకే మాది ఎమ్మెల్యే ఓటు గట్టిగా పడింది. ఎంపీ ఓటు దగ్గర చాలామంది మనిషిని చూసి వేశారు.

గోపురం_కాపలా (నిర్వాహకుడు), మధ్యాహ్నం 2:00

ఇప్పుడున్న ఎమ్మెల్యేల మీద, కులాల మీద రెండు పోస్టులు తీసేశాను. ఎవరివో వాళ్లకు తెలుసు. మిగతా చర్చ బాగుంది, కొనసాగించండి.

నగరి_పిల్ల, మధ్యాహ్నం 3:25

ఒక్క మాట చెప్పి పోతా, పరీక్ష పేపర్లు దిద్దాలి. సీట్ల మ్యాప్ చూసి ఇక్కడ ఈ పార్టీ ఉంది, అక్కడ లేదు అనుకుంటాం కదా, 84లో బీజేపీకి దేశం మొత్తం మీద 7 శాతం పైగా ఓట్లు వచ్చాయి, సీట్లు 2. అందులో ఒకటి మన హనుమకొండ, పీవీ గారిని ఓడించి. అదే ఎన్నికలో టీడీపీకి 4 శాతం చిల్లర, సీట్లు 30. చల్లిన ఓటుకు విలువ లేదు, కుప్ప పోసిన ఓటుకే విలువ. ఇప్పుడు మన రాష్ట్రం చూడండి, 2019లో టీడీపీకి దాదాపు 40 శాతం ఓట్లు, సీట్లు 3. 2024లో వైసీపీకి దాదాపు 40 శాతం, సీట్లు 4. మ్యాప్‌లో పార్టీ మాయమైపోయినట్టు కనిపిస్తుంది, ఊర్లో చూస్తే పదిలో నలుగురు వాళ్లే.

కాంగ్రెస్‌కు మన దగ్గర వచ్చింది ఆ రకం సున్నా కాదు. ఓట్లే లేని సున్నా. 40 శాతం సున్నా ఒక ఎన్నికలో తిరగబడుతుంది. 2 శాతం సున్నా వేరే జబ్బు.

లెక్కల_మాస్టారు, మధ్యాహ్నం 3:50

అమ్మా, మీరు ఏ సబ్జెక్టు చెప్తారో తెలియదు కానీ ఈ చివరి రెండు వాక్యాలు నేను రాసి ఉంటే బాగుండేది.

కోనేరు_కట్ట, రాత్రి 9:15

ఇప్పుడే టీ అంగడి నుంచి వచ్చా. ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించా, గంట పట్టింది. నంద్యాల సంగతికి కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సంజీవరెడ్డి మనోడే కదా, ఆ ఒక్కటీ కాంగ్రెస్ లెక్కలోనే వేసుకో" అన్నాడు. ఓడినప్పుడే దక్షిణాది పార్టీ అన్న మాస్టారి మాటకు సగం ఒప్పుకున్నాడు. 1999, 2014 అంకెలు చెప్తుంటే టీ చల్లారిపోతోందని మాట మార్చాడు. తిరువళ్లూరు మెజారిటీ మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు.

చివరికి అడిగాడు, "ఆ 41లో మా చిత్తూరు రాజగోపాల్ నాయుడు ఉన్నాడా?" ఉన్నారు పెద్దాయనా, 77లో, 80లో రెండుసార్లూ అన్నాను.

"అయితే ఈ రోజు టీ నువ్వే ఇయ్యి, రేపు సంగతి రేపు చూద్దాం" అని చెప్పులు వేసుకుని పోయాడు. 20 రూపాయలు కట్టి వచ్చా.

పలమనేరు_పాలు, రాత్రి 9:22

రెండు టీలు 20 రూపాయలా? ఆ అంగడి ఎక్కడ తమ్ముడూ, పాలు ఎవరు పోస్తున్నారు వాళ్లకి?